మురుగునీటి మొక్కలకు హార్మోన్ మందు వాడొచ్చా? మీ ప్రశ్నలు, మా జవాబులు

మురుగునీటిని కంకర మడిలోకి పంపి, అందులో మెట్టతామర, జమ్ము, తుంగ, వట్టివేరు లాంటి మొక్కలు పెంచి శుభ్రం చేసే పద్ధతి గురించి కిందటి నెల రాశాం. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో చాలామంది తిప్పి తిప్పి ఒకటే అడిగారు: పంటలకు కొట్టే గ్రోత్ హార్మోన్లు ఈ మొక్కలకు కూడా ఇస్తే పని ఇంకా బాగా జరుగుతుంది కదా అని. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. కొన్ని ఉత్తరాలు పొడుగ్గా ఉంటే కుదించాం.

ప్రశ్న: మాది 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. స్నానాల గదుల నీళ్లు, వాషింగ్ మెషీన్ల నీళ్లు కలిపి కాంపౌండ్ గోడ పక్కన కట్టిన కంకర మడిలోకి పంపుతున్నాం. మెట్టతామర, తుంగ వేశాం. ఏడాది దాటినా మొక్కలు గిడసబారినట్టే ఉన్నాయి, సాయంత్రమైతే వాసన. ఈమధ్య ఒక సేల్స్ అబ్బాయి వచ్చి, ట్యాంకులో రోజూ గ్రోత్ హార్మోన్ పోస్తే నెల తిరిగేసరికి మొక్కలు రెట్టింపవుతాయి, నీళ్లు తేటగా వస్తాయి అంటున్నాడు. కమిటీలో సగం మంది కొందామంటున్నారు. మీరేమంటారు? - అసోసియేషన్ కార్యదర్శి, మణికొండ

జవాబు: కొనకండి. ఎందుకో వివరంగానే చెప్తాను, కావాలంటే కమిటీ మీటింగులో చదివి వినిపించండి.

ముందు లెక్క చూద్దాం. 40 ఫ్లాట్లంటే సుమారు 150 మంది. స్నానాలకీ బట్టలకీ కలిపి మనిషికి రోజుకి 90 లీటర్లు వేసుకుంటే 13,500 లీటర్లు. మన రైతులకు బాగా తెలిసిన ప్లానోఫిక్స్‌నే తీసుకుందాం. అందులో ఉండేది ఎన్‌ఏఏ అనే ఆక్సిన్ (వేళ్లు పుట్టడానికీ, మొక్క సాగడానికీ పనికొచ్చే హార్మోన్ జాతి), 4.5 శాతం. పూత రాలకుండా నాలుగున్నర లీటర్ల నీటికి ఒక మిల్లీలీటరు కలిపి కొడతారు, అంటే 10 పీపీఎం, లీటరుకు 10 మిల్లీగ్రాములు. మీ ట్యాంకులో నీళ్లన్నిటికీ ఆ మోతాదు రావాలంటే రోజుకి మూడు లీటర్ల మందు పోయాలి. ఈ రోజు పోసింది రేపటికి కొట్టుకుపోతుంది కాబట్టి రేపు మళ్లీ మూడు లీటర్లు. అందులో పదో వంతు మోతాదు చాలన్నా రోజుకి 300 మిల్లీలీటర్లు. పోసింది కూడా మొక్కకి పూర్తిగా దక్కదు, కంకరకి పట్టిన బ్యాక్టీరియా దాన్నీ మేతగానే చూస్తుంది. మొక్కలు తమంతట తాము తయారుచేసుకునే ఐఏఏ అనే ఆక్సిన్ అయితే మరీ సున్నితం, వెలుతురు తగిలినా విరిగిపోతుంది.

సరే, డబ్బులు ఉన్నాయి, పోస్తాం అన్నారనుకోండి. అప్పుడు ఇంకో చిక్కు. ఆక్సిన్ కొత్త వేళ్లు పుట్టిస్తుందన్నది నిజమే, కానీ పుట్టిన వేరు పొడుగు సాగాలంటే దానికి కావలసిన ఆక్సిన్ అతి స్వల్పం, ఆ కాస్త దాటిందంటే సాగడం ఆగిపోతుంది. కాండం తట్టుకునే మోతాదుని వేరు తట్టుకోలేదు. పంట మీద పిచికారీ చేసే మోతాదులో వేళ్లు రోజంతా నానుతూ ఉంటే అవి పొట్టిగా, లావుగా, మొండిగా తయారవుతాయి. 2,4-డి అనే కలుపుమందు తెలుసు కదా, అదీ ఆక్సిన్ జాతిదే. గుర్రపు డెక్కని చంపడానికి చాలా దేశాల్లో వాడేది దాన్నే. పెంచే మందుకీ చంపే మందుకీ మధ్య తేడా చాలావరకు మోతాదులోనే ఉంది, అందుకే కొలత లేకుండా ట్యాంకులోకి ఒంపేయడం అంటే నాకు భయం.

అసలు విషయానికి వస్తాను. మీ మడిలో నీళ్లని శుభ్రం చేస్తున్నది ఎక్కువగా బ్యాక్టీరియా. సబ్బు, చెమట, మురికి, వీటిని తినేది కంకర మీద, వేళ్ల మీద జిగురులా పట్టుకుని ఉండే ఆ పొరే. మొక్క నత్రజనినీ భాస్వరాన్నీ కొంత పీల్చుకుంటుంది, కాదనను. కానీ మురుగు బరువు ఎక్కువున్న మడిలో అది మొత్తంలో చిన్న వాటా. మొక్క చేసే పెద్ద ఉపకారం వేరే ఉంది: బ్యాక్టీరియాకి వేళ్ల మీద చోటు ఇస్తుంది, కాండంలోంచి గాలిని వేళ్లకి దింపి కాస్త ఆక్సిజన్ బయటికి వదులుతుంది, కంకర గట్టిపడకుండా చూస్తుంది. కాబట్టి హార్మోన్ ఏదైనా మేలు చేయాలంటే వేళ్లు పెంచి ఆ దారిలోనే చేయాలి. మీ మడిలో ఆగిపోయింది వేళ్ల దగ్గరా లేక ఇంకెక్కడైనానా అన్నది ముందు తేల్చుకోవాలి.

దానికి ల్యాబ్ అక్కర్లేదు. చేతికి గ్లవ్స్ వేసుకుని, నీళ్లు లోపలికి వచ్చే వైపు నుంచి ఒక మెట్టతామర, బయటికి పోయే వైపు నుంచి ఒకటి, కంకర తప్పించి దుంపతో సహా పైకి తీయండి. బకెట్ నీళ్లలో ఒకసారి జాడించి చూడండి. కొసలు తెల్లగా ఉండి, కాస్త పాత వేళ్ల మీద తుప్పు రంగు పూత కనిపిస్తే సంతోషించండి. ఆ తుప్పు నీళ్లలోని ఇనుమే, వేరు వదిలిన ఆక్సిజన్ తగిలి అక్కడ పేరుకుంది, అంటే వేరు పని చేస్తోందన్నమాట. అలా కాకుండా వేళ్లు నల్లగా, జారుడుగా, పట్టుకుంటే తొక్క ఊడొచ్చేలా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే అక్కడ గాలి ఆడటం లేదు. ఆ వేళ్లకి ఏ హార్మోనూ ప్రాణం పోయదు.

మీరు రాసిన వాసనని బట్టి రెండోదే అయ్యుంటుందని నా అనుమానం. వాషింగ్ మెషీన్ నీళ్లలో బట్టల నూగు చాలా వస్తుంది, జుట్టు వస్తుంది, అవి మడి మొదటి మీటరులోనే కంకర సందుల్ని పూడ్చేస్తాయి. మడికి ముందు సెటిలింగ్ ట్యాంక్, దానికి సన్న జాలీ ఉన్నాయా? కడిగి ఎన్నాళ్లయింది? బాత్‌రూములు కడిగే బ్లీచింగ్, యాసిడ్ కూడా అందులోకే పోతున్నాయా? ఇక స్థలం. ఐరోపాలో ఇంటి మురుగు మొత్తానికి మనిషికి సుమారు 5 చదరపు మీటర్ల మడి లెక్కేస్తారు. మన ఎండలకి, అందులోనూ టాయిలెట్ నీళ్లు కలవనప్పుడు, అంతకంటే బాగా తక్కువ సరిపోతుంది కానీ 150 మంది నీళ్లకి ఒక కారు పార్కింగ్ అంత మడి కట్టి కూర్చుంటే ఏం చేసినా వాసన పోదు. గోడ పక్కన అన్నారు, ఎండ తగులుతుందో లేదో కూడా చూడండి. మెట్టతామర నీడలో బతుకుతుంది గానీ పెరగదు.

జాలీ కడిగి, పూడుకుపోయిన కంకర తీసి మార్చి, నీటి మట్టం కంకర పైభాగానికి కొద్దిగా కిందకి దించి, వీలైతే రోజంతా ధారగా కాకుండా విడతలు విడతలుగా నీళ్లు వదలండి. తర్వాత కొత్త మొక్కలు నాటాల్సి వస్తే అప్పుడు హార్మోన్ గురించి ఆలోచించొచ్చు, అది కూడా ట్యాంకులో కాదు, నాటే ముందు బకెట్లో. అదెలాగో కింద కడియం వారికి రాశాను.

ప్రశ్న: మాది నర్సరీ. అంట్లకి వేళ్లు రావడానికి ఐబీఏ అనే ఆక్సిన్ పొడి వాడటం మాకు అలవాటే. ఈమధ్య చెరువుల మీద తేలే మడులకని, కాలనీల మురుగు మడులకని వట్టివేరు, మెట్టతామర అడుగుతున్నారు. ఈ మొక్కలకు కూడా హార్మోన్ పెట్టి ఇస్తే మంచిదా? ఏది, ఎంత? - నర్సరీ యజమాని, కడియం

జవాబు: ఈ ఉత్తరం చూసి చాలా సంతోషమేసిందండీ, ఎందుకంటే హార్మోన్‌కి సరైన చోటు మీ చేతిలోనే ఉంది. మురుగు మడిలో మొక్కకి కష్టకాలం నాటిన మొదటి కొన్ని వారాలే. వేళ్లు పట్టుకోకముందే సబ్బు నీళ్లు, అమ్మోనియా మీద పడతాయి. ఆ గండం దాటేలోపు ఎన్ని ఎక్కువ వేళ్లు దిగితే అంత మంచిది.

మెట్టతామర, జమ్ము దుంపలకి పెద్దగా అవసరం లేదు, వాటికి వేళ్లు ఎలాగూ వస్తాయి, ఆ ఖర్చు మానుకోండి. వట్టివేరు పిలకలకీ, కిక్కస గడ్డి కాండం ముక్కలతో పెంచేటప్పుడూ తేడా కనిపిస్తుంది. పొడి కంటే ద్రావణం మేలు, నీళ్లలో పెట్టగానే పొడి కడుక్కుపోతుంది కదా. ఐబీఏ నేరుగా నీళ్లలో కరగదు. ఒక గ్రాముని ముందు కొద్దిపాటి ఆల్కహాల్‌లో పూర్తిగా కరిగించి, పది లీటర్ల నీళ్లలో పోస్తూ కలిపితే 100 పీపీఎం వస్తుంది. పొటాషియం ఉప్పు రూపంలో దొరికే ఐబీఏ అయితే ఆల్కహాల్ గొడవ లేదు. నెమ్మదిగా నానబెట్టే పద్ధతికి తోటల పెంపకంలో 20 నుంచి 200 పీపీఎం దాకా వాడతారు. గట్టి కాడకి పై అంచు, మెత్తటి పిలకకి కింది అంచు. మీరు 25, 50, 100 మూడు బకెట్లు, ఉత్త నీళ్లది ఒకటి పెట్టి, ఒకే తల్లి దుబ్బు నుంచి తీసిన పిలకలని నాలుగింటికీ పంచి, నీడలో ఉంచి చూసుకోండి. మీ నీళ్లకి, మీ మొక్కకి ఏది నప్పుతుందో మీ కళ్లకే తెలుస్తుంది. పిలక ఆకుల్ని జానెడు ఎత్తుకి కత్తిరించి, పాత ఎండు వేళ్లు తీసేసి, మొదలు రెండంగుళాలే మునిగేలా ఉంచండి.

నానబెట్టాక మంచి నీళ్లతో కడిగి, రెండు మూడు వారాలు మామూలు నీళ్లలోనో తడి ఇసుకలోనో పెంచి, ఆ తర్వాత మురుగునీటిని పావు వంతు, సగం, అలా పెంచుకుంటూ అలవాటు చేసి అమ్మండి. నా దృష్టిలో ఈ అలవాటు చేయడమే హార్మోన్ కంటే విలువైన పని, ఎవరూ చేయడం లేదు. హైదరాబాద్ నెక్నాంపూర్ చెరువులో 2018లో తేలే మడులు పెట్టాక అలాంటివి కావాలనే కాలనీలు పెరిగాయి. మురుగుకి అలవాటు పడిన మొక్క అని చెప్పి అమ్మగలిగితే మీకు ధర కూడా వస్తుంది. మిగిలిన ద్రావణం కాలవలో పారబోయొద్దు, మట్టి మొక్కల మొదట్లో పలచగా పోసేయండి.

ప్రశ్న: మా ఊరి మురుగు కాలవ చివర గుంట తవ్వి జమ్ము వేయించాం. జిబ్బరెల్లిక్ యాసిడ్ కొడితే జమ్ము నిలువెత్తు పెరిగి నీళ్లు త్వరగా లాగేస్తుందని ఊళ్లో కుర్రాళ్లు అంటున్నారు. - మాజీ సర్పంచ్, సిద్దిపేట జిల్లా

జవాబు: వద్దండీ. ఈ మందు పుట్టిందే వరి మొక్కలు పలచగా, పొడుగ్గా సాగి పడిపోయే ఒక తెగులు నుంచి. 1926లో కురొసావా అనే జపాన్ శాస్త్రవేత్త, ఆ తెగులు కలిగించే శిలీంధ్రం పెరిగిన నీళ్లని వడకట్టి పోస్తే చాలు, వరి నారు అలాగే సాగుతోందని చూపించాడు. ద్రాక్షలో గింజలు లేని రకాలకి గుత్తి సాగడానికీ, పండు లావెక్కడానికీ అది బాగా పనికొస్తుంది. మీకు కావలసింది పొడుగు కాదు, వేరు. సాగిన జమ్ము గాలివానకి గుంటలోనే పడి కుళ్లి, పీల్చుకున్న నత్రజని అంతా తిరిగి నీళ్లలోకే వదిలేస్తుంది.

మీ కుర్రాళ్లకి వేరే పని చెప్పండి. జమ్ము ముదరకముందే నీటి మట్టానికి జానెడు పైకి కోయించి గట్టు మీదకి తీయించాలి, ఒకేసారి మొత్తం కాకుండా సగం సగం. మొక్క లాగిన ఎరువు గుంట దాటి పోవడానికి ఉన్న దారి అదొక్కటే. పటాన్‌చెరు ఇక్రిశాట్ ఆవరణలో ఇలాంటి మడులు కట్టి ఏళ్ల తరబడి చూశారు, వీలైతే పంచాయతీ తరఫున అనుమతి తీసుకుని వెళ్లి చూసి రండి.

ప్రశ్న: మూసీ పక్కన పారా గడ్డి పెంచి డెయిరీలకి అమ్ముతాం. హార్మోన్ వేస్తే మొక్క నీళ్లలోని లోహాలని కూడా ఎక్కువగా లాగేస్తుందని ఒక వీడియోలో చూశాను. అలా చేస్తే నీళ్లు బాగుపడతాయి, గడ్డి కూడా బాగా వస్తుంది కదా? - ఒక రైతు, ఉప్పల్ వైపు

జవాబు: దయచేసి ఆ పని చేయొద్దు. వీడియోలో చెప్పింది అబద్ధం కాదు, అందుకే మరీ ప్రమాదం.

అమెరికాలో టెక్సస్ విశ్వవిద్యాలయం ఎల్ పాసో శాఖ వాళ్లు 2005లో లూసర్న్ గడ్డి మీద ఇదే చూశారు. లూసర్న్ మీకు తెలిసిన మేతే. సీసం ఉన్న ద్రావణంలో పెంచి, ఈడీటీఏ, ఐఏఏ రెండూ కలిపి ఇచ్చారు. జింక్ ఈడీటీఏ అని మీరు వరికి వాడతారు చూడండి, అందులో ఉండేది ఈ ఈడీటీఏనే, లోహాన్ని పట్టుకుని కరిగి ఉండేలా చేస్తుంది. రెండూ కలిసినప్పుడు ఆకుల్లోకి ఎక్కిన సీసం, ఈడీటీఏ ఒక్కటే ఇచ్చినప్పటి కంటే కూడా కొన్ని రెట్లు పెరిగింది. వాళ్ల ఉద్దేశం ఆ గడ్డిని కోసి జాగ్రత్తగా పారేసి, నేలని శుభ్రం చేయడం. అదే గడ్డి మీరు గేదెకి వేస్తే సీసం గేదెలోకి పోతుంది, దాని పాలు మన పిల్లలు తాగుతారు. లోహాలు లాగే మొక్కని ఎవరూ మేయకూడదు, ఎరువుగా కూడా వేయకూడదు. శుద్ధి చేసే మొక్క, మేత మొక్క ఒకటే అవ్వాలనుకోవడం దగ్గరే తప్పు జరుగుతోంది.

ఉత్త ఈడీటీఏ వేసినా ముప్పే. మొక్కకి అందని లోహం కరిగిన రూపంలోనే బోరు నీటి దాకా దిగిపోతుంది. మీరు చేయగలిగింది: మీ గడ్డినీ మట్టినీ ఒకసారి సీసం, కాడ్మియం, క్రోమియంలకి పరీక్ష చేయించండి. ఫ్యాక్టరీల కాలవ కలిసే చోటుకి దిగువన మీ పొలం ఉంటే, ఫలితం వచ్చేదాకా ఆ ముక్కలో గడ్డి అమ్మకండి. కష్టమని తెలుసు, అయినా అడుగుతున్నాను.

ప్రశ్న: కొబ్బరి నీళ్లలో హార్మోన్లు ఉంటాయంటారు. పెరట్లో మురుగు మడికి పోయొచ్చా? - గృహిణి, అమలాపురం

జవాబు: ఉంటాయమ్మా, సైటోకైనిన్ అనే రకం, కణాలు విభజన చెందడానికి. టిష్యూ కల్చర్ ల్యాబుల్లో 1940ల నుంచే కొబ్బరి నీళ్లు వాడుతున్నారు. కానీ ఆ నీళ్లలో చక్కెర కూడా ఉంది, మురుగు మడిలో పోస్తే మీరు మురుగుకి మురుగు కలిపినట్టే, ఉన్న కాస్త ఆక్సిజన్ దానికే ఖర్చయిపోతుంది. సైటోకైనిన్ కొమ్మల్ని ప్రోత్సహిస్తుంది, వేళ్లని అంతగా కాదు. ఆ నీళ్లు మీరు తాగండి.

ప్రశ్న: ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో ఎమ్మెస్సీ చదువుతున్నాను. మెట్టతామర, వట్టివేరు మీద ఆక్సిన్, సైటోకైనిన్ ఇచ్చి మురుగునీటి శుద్ధి ఎంత పెరుగుతుందో చూడాలని ప్రాజెక్టు. బకెట్లలో చేస్తున్నాను. ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? - విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మంచి ప్రాజెక్టు అమ్మా, బకెట్లు చాలు. జర్మనీలో క్యాటె జైడెల్ 1950ల్లో ప్లోన్ ఊళ్లోని మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఈ రంగం మొదలుపెట్టినప్పుడు ఆవిడ చేసిందీ అలాంటి ప్రయోగాలే, నీటి మొక్కల్ని మురికి నీళ్లలో పెట్టి ఏం జరుగుతుందో చూడటం. నీ ఉత్తరంలో రాసిన ప్లాన్‌లో రెండు పెద్ద కన్నాలు కనిపిస్తున్నాయి, అవి పూడ్చుకుంటే చాలు.

ఒకటి, ఆల్కహాల్. ఆక్సిన్‌ని ఇథనాల్‌లో కరిగించి బకెట్లో వేస్తానన్నావు. ఒక మిల్లీలీటరు ఇథనాల్ పూర్తిగా ఆక్సీకరణ చెందాలంటే సుమారు 1.65 గ్రాముల ఆక్సిజన్ కావాలి. నీ 20 లీటర్ల బకెట్లో అది లీటరుకు 80 మిల్లీగ్రాముల పైమాటే. మన దగ్గర శుద్ధి చేసిన నీళ్లని నదుల్లోకి వదలాలంటే మామూలుగా ఉన్న బీవోడీ (నీళ్లలోని మురికిని తినడానికి బ్యాక్టీరియాకి పట్టే ఆక్సిజన్) పరిమితే లీటరుకు 30 మిల్లీగ్రాములు! అంటే హార్మోన్ పని చేసిందో లేదో తెలిసేలోపు, దాన్ని కరిగించిన ద్రవమే నీ ఫలితాన్ని తలకిందులు చేస్తుంది. అందుకని మొక్కకి ఆల్కహాల్ మాత్రమే ఇచ్చిన బకెట్లు కూడా ఉండాలి. మొక్క ఒంటరిగా, మొక్కకి ఆల్కహాల్, మొక్కకి హార్మోన్, అసలు మొక్కే లేని కంకర బకెట్, ప్రతిదీ కనీసం మూడేసి. మొక్క లేని బకెట్ పెట్టడం చాలామంది మర్చిపోతారు. దాన్ని చూస్తేనే కదా కంకర బ్యాక్టీరియా ఒక్కటే ఎంత పని చేస్తుందో తెలిసేది.

రెండోది ఇంకా ముఖ్యం, నువ్వు గాఢత మాత్రమే కొలుస్తానన్నావు. హార్మోన్‌తో ఏపుగా పెరిగిన మొక్క నీళ్లు ఎక్కువ ఆవిరి చేస్తుంది, సైటోకైనిన్ అయితే ఆకుల రంధ్రాల్ని తెరిచి మరీ చేయిస్తుంది. ఒక ఉదాహరణ వేసుకో. 20 లీటర్లలో లీటరుకు 40 మిల్లీగ్రాముల అమ్మోనియా, మొత్తం 800. వారం తర్వాత 12 లీటర్లు మిగిలాయి, గాఢత 30. గాఢత చూస్తే పాతిక శాతమే తగ్గింది. మొత్తం చూస్తే మిగిలింది 360, అంటే 55 శాతం పోయింది. రోజూ బకెట్ తూకం వేసి రాసుకో, లేకపోతే నీ మంచి మొక్కలే నీ కాగితం మీద చెడ్డ మొక్కలుగా కనిపిస్తాయి. విశాఖ ఉక్కపోతకి, అనంతపురం పొడి గాలికి ఈ లెక్క చాలా మారిపోతుంది కూడా, గాలిలో తేమ రాసిపెట్టుకో.

నైట్రేట్ కొలవడం మాత్రం మానొద్దు. అమ్మోనియా తగ్గిందని సంబరపడితే అది నైట్రేట్‌గా మారి నీళ్లలోనే కూర్చుని ఉండొచ్చు. చివర్లో మొక్కని వేరు, ఆకు విడదీసి ఆరబెట్టి తూచి, అందులో నత్రజని ఎంతుందో చూస్తే మొక్క తిన్నది ఎంత, బ్యాక్టీరియా చేసింది ఎంత అన్నది విడిపోతుంది. హార్మోన్ సీసాలు ఫ్రిజ్‌లో, వెలుతురు తగలకుండా ఫాయిల్ చుట్టి ఉంచు. నీళ్లు బాగుపడలేదు, వేళ్లు మాత్రం పెరిగాయి అన్న ఫలితం వచ్చినా దాచకుండా రాయి, అది అందరికీ పనికొచ్చే సమాచారం.

ప్రశ్న: చేపల చెరువు నీళ్లు మార్చేటప్పుడు బయటికి వదిలే నీటిని గడ్డి మడిలోంచి పంపి మళ్లీ వాడుకుందామని ఉంది. మొక్కలకి హార్మోన్ ఇస్తే అది చేపకి, తినే మనిషికి పోదా? టెన్షన్‌గా ఉంది. - ఆక్వా రైతు, కైకలూరు

జవాబు: మొక్కల హార్మోన్, జంతువుల హార్మోన్ ఒకే రకం కాదు. ఆక్సిన్ మన ఒంట్లో ఈస్ట్రోజన్ లాగా పని చేయదు, ఐఏఏ లాంటివి మనం తినే ప్రతి కూరగాయలోనూ సహజంగానే ఉంటాయి. అంతమాత్రాన సీసాలో కొన్నది నీళ్లలో పోయొచ్చని కాదు. ఎన్‌ఏఏ, జిబ్బరెల్లిక్ యాసిడ్ లాంటివి మన దేశంలో 1968 నాటి పురుగుమందుల చట్టం కింద రిజిస్టర్ అవుతాయి, లేబుల్ మీద ఏ పంటకి ఎంత అని ఉంటుంది, చేపల చెరువు ఆ జాబితాలో ఉండదు. పైగా సీసాలో హార్మోన్‌తో పాటు ఇంకేం కలిపారో ఎవరికి తెలుసు. మీరు నీళ్లు మళ్లీ చెరువులోకే తిప్పుతున్నారు కాబట్టి ఒక్కటే మాట: మడిలో నీళ్లకి ఏమీ కలపొద్దు. నాటే ముందు నర్సరీలో వేళ్లు ముంచి కడిగి తెచ్చిన మొక్క అయితే నిశ్చింతగా పెట్టుకోండి. రొయ్యల చెరువు నీళ్లయితే ఉప్పుకి మెట్టతామర ఆగదు, ముందు ఉప్పు శాతం చూసుకుని మొక్కని ఎంచుకోండి.

ప్రశ్న: పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీల నీళ్లకి ఈ హార్మోన్ మొక్కలు పనికిరావా? - పాఠకుడు, సంగారెడ్డి

జవాబు: పనికిరావు. అక్కడి ఫ్యాక్టరీల నీళ్లని ఉమ్మడిగా శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికి వచ్చిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు. జబ్బు చేసి ఆ మాత్ర వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదాని కంటే అది ఎక్కువ. బ్యాక్టీరియాని చంపే నీళ్లవి. బ్యాక్టీరియా మీద ఆధారపడిన మడి అక్కడ మొదటి రోజే దెబ్బతింటుంది, పైగా మందుకి లొంగని బ్యాక్టీరియాని అదే పెంచి పోషిస్తుంది. అలాంటి నీళ్లని ఫ్యాక్టరీ గేటు లోపలే శుభ్రం చేయించాలి, దానికి అడగాల్సింది కాలుష్య నియంత్రణ మండలిని.

ప్రశ్న: సీసా కొనకుండా, మొక్క దగ్గరే హార్మోన్ తయారయ్యే దారి ఏదైనా ఉందా? - విశ్రాంత వ్యవసాయ విస్తరణ అధికారి, నంద్యాల

జవాబు: ఉందండీ, మీరు ఉద్యోగంలో ఉండగా రైతులకి పంచే ఉంటారు కూడా. అజోస్పైరిల్లం అనే బ్యాక్టీరియా నత్రజని ఇస్తుందనే మనం చెప్పుకుంటాం గానీ అది ఐఏఏ కూడా తయారుచేస్తుంది, వేళ్లు దట్టంగా రావడంలో దాని పాత్ర చాలా ఉంది. దానికి ముడిసరుకు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం. మురుగునీటిలో ఆ జాతి పదార్థాలకి కొదవే లేదు, నీళ్లలో మురుగు కలిసిందా లేదా అని పట్టుకోవడానికి ట్రిప్టోఫాన్ తరహా మెరుపుని కొలిచే మీటర్లే ఉన్నాయి. అంటే బ్యాక్టీరియాకి మేత ఎప్పుడూ సిద్ధం, మొక్కకి హార్మోన్ కొంచెం కొంచెంగా, వేరు పక్కనే అందుతూ ఉంటుంది. మోతాదు దాటే భయం చాలా తక్కువ. సీసా మందు కంటే నేను దీని వైపే మొగ్గుతాను.

ఇంకో రకం బ్యాక్టీరియా కూడా ఉంది. మొక్క ఒత్తిడిలో ఉన్నప్పుడు, ముఖ్యంగా వేళ్లు నీట మునిగినప్పుడు, ఇథిలీన్ అనే ఇంకో హార్మోన్‌ని ఎక్కువ తయారుచేసుకుని తన ఎదుగుదల తానే ఆపేసుకుంటుంది. ఆ ఇథిలీన్‌కి ముందు రూపమైన ఏసీసీని ఈ బ్యాక్టీరియా తినేసి మొక్కకి ఊపిరి ఆడేలా చేస్తుంది.

చిక్కల్లా నిలబడటంలోనే ఉంది. ప్యాకెట్లోంచి తెచ్చిన బ్యాక్టీరియాని మురుగులో అప్పటికే ఉన్న లెక్కలేనన్ని రకాలు బతకనివ్వవు. జపాన్‌లో హొక్కయిదో విశ్వవిద్యాలయం వాళ్లు ఈ సంగతి తెలివిగా చూశారు. నీటి మీద తేలే డక్‌వీడ్ అనే చిట్టి మొక్క వేళ్ల నుంచే అసినెటోబ్యాక్టర్ అనే ఒక బ్యాక్టీరియాని వేరు చేశారు. అది ఫినాల్ అనే విష రసాయనాన్ని తినేస్తుంది, డక్‌వీడ్ ఎదుగుదలనీ పెంచుతుంది. ఆ వేరు మీద పుట్టి పెరిగింది కాబట్టి మళ్లీ అక్కడే అతుక్కుని బతికింది.

మనం ఇంటి దగ్గర చేసుకోదగ్గది కూడా ఇదే పద్ధతి. మీ ఊళ్లో మామూలు ఇళ్ల మురుగు కాలవ పక్కన, ఫ్యాక్టరీ నీళ్లు కలవని చోట, ఏళ్లుగా ఏపుగా ఉన్న జమ్మో తుంగో చూడండి. గ్లవ్స్ వేసుకుని దాని వేళ్లతో పాటు గుప్పెడు మట్టి తెచ్చి, క్లోరిన్ లేని బోరు నీళ్ల బకెట్లో కలపండి. కావాలంటే వ్యవసాయ పరిశోధన కేంద్రంలో దొరికే అజోస్పైరిల్లం కూడా అందులోనే వేయండి, ప్యాకెట్ మీద గడువు తేదీ చూసి మరీ. కొత్త మొక్కల వేళ్లు అరగంట అందులో ముంచి, సాయంత్రం పూట నాటి, మిగిలింది మొక్కల మొదట్లోనే పోయండి. వారం రోజులు ఆ మడిలోకి బ్లీచింగ్ నీళ్లు రానివ్వకండి. మడిలో ఒక వరుసకి ఇలా చేసి పక్క వరుసని మామూలుగా నాటి, రెండు నెలల తర్వాత రెండు వరుసల్లోంచీ ఒక్కో మొక్క పైకి తీసి ఫొటోలు మాకు పంపండి, వచ్చే సంచికల్లో వేస్తాం.